ముగ్గురికి లోయర్ కావాలి: కుటుంబంతో రాత్రి రైలెక్కే ముందు వేసుకోవాల్సిన లెక్క

కుటుంబంతో రైలు ప్రయాణం అనుకోగానే ఇంట్లో మొదట నడిచే చర్చ స్లీపర్లో వెళ్దామా, థర్డ్ ఏసీలో వెళ్దామా అని. డబ్బుల సంగతి కాబట్టి అలా మొదలవడం సహజమే. తీరా రైలెక్కాక, రాత్రి తొమ్మిదిన్నరకి అన్నాలు తినేసి చేతులు కడుక్కున్నాక అసలు పంచాయితీ మొదలవుతుంది. మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మకి అప్పర్ వచ్చింది, చంటిపిల్లాడున్న తల్లికి మిడిల్ వచ్చింది, ఇంటర్ చదివే కుర్రాడికి మాత్రం దర్జాగా లోయర్ వచ్చింది, అదీ రెండు పెట్టెల అవతల. ఇక ఎదురుగా కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషిని బతిమాలుకోవాలి. ఆయన మాత్రం తక్కువా, రెండు నెలల ముందే పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చుని ఆ లోయర్ సంపాదించుకుని ఉంటాడు.

రిజర్వేషన్ కంప్యూటర్‌కి ఏ కుటుంబం గురించీ ఏమీ తెలియదు. దానికి అందేది పేరు, వయసు, ఆడా మగా, ఏ బెర్తు కావాలి, అంతవరకే. మోకాళ్ల నొప్పి, గురక, రాత్రి మూడుసార్లు బాత్రూంకి లేచే అలవాటు, అమ్మ పక్కన లేకపోతే నిద్రపోని పిల్లాడు, ఇవేవీ ఫారంలో ఉండవు. అందుకే ఎవరు ఎక్కడ పడుకుంటే అందరికీ నిద్ర పడుతుందో ముందు ఒక కాగితం మీద వేసుకుని, ఆ తర్వాత క్లాసు, రైలు, తేదీ తేల్చుకోవడం మేలు. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు.

స్లీపర్లో అయినా థర్డ్ ఏసీలో అయినా ఒక్కో బేకి 8 బెర్తులు. ఎదురెదురుగా మూడేసి, నడిచే దారికి అవతల సైడ్ లోయర్, సైడ్ అప్పర్. నంబర్లు కూడా ఒకే వరసలో నడుస్తాయి: 1 లోయర్, 2 మిడిల్, 3 అప్పర్, మళ్ళీ 4 లోయర్, 5 మిడిల్, 6 అప్పర్, 7 సైడ్ లోయర్, 8 సైడ్ అప్పర్. తర్వాతి బే 9తో మొదలవుతుంది. అంటే ఏ నంబర్ వచ్చినా 8తో భాగించి శేషం చూస్తే చాలు. 1 గానీ 4 గానీ మిగిలితే లోయర్, 7 మిగిలితే సైడ్ లోయర్, ఏమీ మిగలకపోతే సైడ్ అప్పర్. టికెట్ మీద 35, 36, 38 అని వచ్చిందనుకుందాం, ముగ్గురూ 33 నుంచి 40 వరకు ఉన్న బేలోనే ఉన్నట్టు, ఒక లోయర్, రెండు అప్పర్లు, దిగులేం లేదు. అదే 40, 41 వస్తే పక్కపక్క నంబర్లు కదా అని సంబరపడతారు గానీ, 40 ఒక బేలో చివరి సైడ్ అప్పర్, 41 పక్క బేలో మొదటి లోయర్, మధ్యలో అడ్డుగోడ. నంబర్లు దగ్గర, మనుషులు దూరం. (సైడ్ మిడిల్ కూడా ఉండే పాత గరీబ్‌రథ్ పెట్టెల్లో మాత్రం ఈ 8 లెక్క పనిచేయదు. ఆ సైడ్ మిడిల్ ఎవరి ఆలోచనో గానీ, అందులో పడుకున్నవాళ్ళు జన్మలో మర్చిపోరు.)

సెకండ్ ఏసీలో మిడిల్ బెర్తు ఉండదు కాబట్టి బేకి 6. అక్కడ 1, 3 లోయర్లు, 2, 4 అప్పర్లు, 5 సైడ్ లోయర్, 6 సైడ్ అప్పర్.

ఇప్పుడు ఒక మామూలు కుటుంబాన్ని ఈ బెర్తుల మీద పడుకోబెట్టి చూద్దాం. తాతయ్య, నాన్నమ్మ, అమ్మ, నాన్న, ఎనిమిదేళ్ల పాప, మూడేళ్ల బాబు. బాబుకి అయిదేళ్లు నిండలేదు కాబట్టి టికెట్ అక్కర్లేదు, బెర్తూ ఉండదు, అమ్మ పక్కనే పడుకోవాలి. అంటే టికెట్లు అయిదు. వీళ్ళలో లోయర్ తప్పనిసరిగా కావాల్సినవాళ్ళు తాతయ్య, నాన్నమ్మ, బాబుని పక్కన వేసుకునే అమ్మ. ఒక బేలో ఉండే లోయర్లు సైడ్ లోయర్‌తో కలిపి సరిగ్గా మూడే. అంటే ఒక్క బేలోని లోయర్లన్నీ ఈ కుటుంబానికే రావాలి. థర్డ్ ఏసీలో అలా జరగడం దాదాపు లాటరీ.

సెకండ్ ఏసీకి ఎక్కువ డబ్బులు ఎందుకు పెట్టాలి అన్నదానికి అసలైన జవాబు ఇక్కడే దొరుకుతుంది. కర్టెన్, కాస్త ప్రశాంతత అవన్నీ సరే. అసలు తేడా ఏంటంటే థర్డ్ ఏసీలో 8కి 3 లోయర్లయితే సెకండ్ ఏసీలో 6కి 3, అంటే సగం. మిడిల్ బెర్తు లేదు కాబట్టి పెద్దాయన నడుం నొప్పి పుట్టి రాత్రి రెండింటికి లేచి కూర్చోవాలనుకున్నా తల ఎత్తి కూర్చోవచ్చు, పగలు పై బెర్తు వాళ్ళు ఒప్పుకుంటే నడుం వాల్చుకోవచ్చు, మిడిల్ ఎప్పుడు ఎత్తాలి ఎప్పుడు దించాలి అన్న బేరం ఉండదు. వృద్ధులు ఇద్దరున్న కుటుంబానికి ఈ ఒక్క కారణం చాలు. ఇద్దరు కుర్రాళ్ళు, ఇద్దరు కాలేజీ పిల్లలు ఉన్న కుటుంబానికైతే సెకండ్ ఏసీ శుద్ధ దండగ, ఆ తేడా డబ్బుతో ఊరెళ్ళాక హాయిగా తిరగొచ్చు. ఒక్క ఇబ్బంది, సెకండ్ ఏసీ పెట్టెలు రైలుకి సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి, అందుకే అందరికీ ఒకేచోట దొరకడం కష్టం, అయిపోవడం కూడా తొందరగా అయిపోతాయి. పెద్దవాళ్ళని సెకండ్ ఏసీలో, మిగతావాళ్ళని థర్డ్ ఏసీలో వేసే పద్ధతి కూడా ఉంది. పెద్దవాళ్ళు ఓపికగా తిరగగలిగినవాళ్ళయితే ఇది బాగానే నడుస్తుంది, రాత్రి ఎవరో ఒకరు లేపి మందులు ఇవ్వాల్సినవాళ్ళయితే వద్దు.

థర్డ్ ఏసీ ఎకానమీ అని 2021లో వచ్చింది, దాని పెట్టె మీద ఎమ్ అక్షరం ఉంటుంది. ఛార్జీ థర్డ్ ఏసీ కన్నా కొంచెం తక్కువ. మామూలు ఎల్‌హెచ్‌బీ (కొత్త తరహా పెట్టె) థర్డ్ ఏసీలో 72 బెర్తులుంటే మొదట వచ్చిన ఎకానమీ పెట్టెలో 83 పెట్టారు. ఆ అదనపు బెర్తులకి చోటు కొంత మోకాళ్ల దగ్గరి నుంచి కూడా వచ్చింది. పిల్లలకి పర్వాలేదు, భారీ మనుషులకి ఇరుకు.

స్లీపర్ విషయానికొస్తే, చలికాలంలో ఒక్క రాత్రి ప్రయాణానికి అది ఇప్పటికీ మంచి బేరమే, దుప్పట్లు, దిండ్లు ఇంటి నుంచి మోసుకెళ్ళే ఓపిక ఉంటే. ఎండాకాలంలో చంటిపిల్లలతో, లేదా పండగ రద్దీలో రిజర్వేషన్ లేనివాళ్ళు దారి నిండా కూర్చున్నప్పుడు బాత్రూం దాకా వెళ్ళడమే ఒక యాత్ర. పాత ఐసీఎఫ్ స్లీపర్ పెట్టెలో 72 బెర్తులు, ఎల్‌హెచ్‌బీలో 80. ఈ తేడా ఎందుకు తెలియాలంటే, 65 నుంచి 72 వరకు పాత పెట్టెలో చివరి బే, తలుపు చప్పుడూ బాత్రూం వాసనా రెండూ అక్కడికే వస్తాయి, ఎల్‌హెచ్‌బీలో దాని తర్వాత ఇంకో బే ఉంటుంది. అలాగని చివరి బే అందరికీ చెడ్డది కాదు, షుగర్ ఉండి మాటిమాటికీ లేవాల్సినవాళ్ళకి నాలుగడుగుల్లో బాత్రూం ఉండటం కూడా ఒక సౌకర్యమే.

ఫస్ట్ ఏసీలో లెక్క మారిపోతుంది. అక్కడ తలుపు వేసుకునే నలుగురి క్యాబిన్లు, ఇద్దరి కూపేలు ఉంటాయి. అయితే టికెట్ కొన్నప్పుడు కన్ఫర్మ్ అని మాత్రమే ఉంటుంది, ఏ క్యాబిన్ అన్నది రైలు బయల్దేరే ముందు బెర్తుల చార్ట్ వేసేటప్పుడు తేలుతుంది. నలుగురు కలిసి ఒకే టికెట్ మీద ఉంటే క్యాబిన్ మొత్తం దక్కే అవకాశం ఎక్కువ. ముగ్గురే ఉంటే నాలుగో బెర్తులోకి తెలియని మనిషి రావచ్చు, గది మనదే అనుకుని సామాను పరిచేశాక తలుపు తట్టారని ఉలిక్కిపడకూడదు.

ఇక బుకింగ్. పెద్దవాళ్ళకి లోయర్ కావాలి, అందరూ ఒకేచోట ఉండాలి అనేవి రెండు వేరువేరు కోరికలు, రైల్వే నిబంధనలు ఆ రెండింటినీ చెరో వైపు లాగుతాయి.

లోయర్ బెర్త్/సీనియర్ సిటిజన్ కోటా అని ఒకటుంది. మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 ఏళ్ళు నిండి ఉండాలి. స్లీపర్లో పెట్టెకి 6 నుంచి 7, థర్డ్ ఏసీలో 4 నుంచి 5, సెకండ్ ఏసీలో 3 నుంచి 4 లోయర్లు దీనికింద పక్కన పెడతారు. వృద్ధులకి ఛార్జీలో ఇచ్చే రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, ఈ లోయర్ల కోటా మాత్రం కొనసాగింది, రెండూ ఒకటే అనుకుని చాలామంది దీన్ని అసలు వాడుకోరు. మెలిక ఏంటంటే, ఆ టికెట్ మీద అర్హులు ఒక్కరే ఉండాలి, లేదా ఇద్దరు ఉండాలి. కొడుకు పేరో మనవరాలి పేరో కలిపితే ఆ కోటా వర్తించదు. మొత్తం కుటుంబాన్ని ఒకే టికెట్‌లో వేసినా వయసు చూసి పెద్దవాళ్ళకి లోయర్ ఇవ్వడానికి కంప్యూటర్ ప్రయత్నిస్తుంది గానీ, అది ఖాళీలుంటేనే.

కాబట్టి పైన చెప్పిన కుటుంబం తాతయ్యని, నాన్నమ్మని ఆ కోటాలో ఒక పీఎన్‌ఆర్‌గా (అంటే ఒక టికెట్‌గా), మిగతా ముగ్గురినీ జనరల్ కోటాలో ఇంకో పీఎన్‌ఆర్‌గా విడగొట్టుకోవచ్చు. మొదటి టికెట్ బీ2 పెట్టెలో వచ్చిందనుకోండి, రెండో టికెట్ చేసేటప్పుడు కోరుకునే కోచ్ నంబర్ దగ్గర బీ2 అని రాయడానికి చోటుంటుంది. హామీ ఏం కాదు, కానీ రాయకపోతే ఆ మాత్రం ఆశ కూడా ఉండదు. దాని పక్కనే ఇంకో ఎంపిక ఉంటుంది: బెర్తులన్నీ ఒకే పెట్టెలో వస్తేనే బుక్ చెయ్యి, కనీసం ఒక లోయర్ వస్తేనే బుక్ చెయ్యి, రెండు లోయర్లు వస్తేనే చెయ్యి అని. చాలామంది తొందరలో దీన్ని వదిలేస్తారు. అమ్మ, నాన్న, పాప ఉన్న రెండో టికెట్‌కి కనీసం ఒక లోయర్ అన్నది పెడితే బాబు సమస్య తీరిపోయినట్టే. కాకపోతే ఆ షరతుకి సరిపడా బెర్తు లేకపోతే టికెట్టే అవదు, మళ్ళీ మొదటి నుంచి కొట్టుకోవాలి. రద్దీ లేని రోజుల్లో ఈ షరతు పెట్టుకోవచ్చు, సంక్రాంతి ముందు రోజులకి పెట్టడం సాహసమే.

విడగొట్టడంలో ఒక పెద్ద ప్రమాదం ఉంది. కన్ఫర్మ్ బెర్తులు కనబడుతున్నప్పుడే విడగొట్టాలి. వెయిటింగ్ లిస్ట్ నడుస్తున్నప్పుడు రెండు పీఎన్‌ఆర్‌లు చేస్తే, చార్ట్ వేశాక ఒకటి కన్ఫర్మ్ అయ్యి రెండోది అందరికీ వెయిటింగ్‌లోనే మిగిలిపోవచ్చు. ఆన్‌లైన్లో తీసిన టికెట్ మీద అందరూ వెయిటింగ్‌లోనే ఉండిపోతే అది దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. అప్పుడు తాతయ్య నాన్నమ్మ రైల్లో, మిగతావాళ్ళు ప్లాట్‌ఫారం మీద. అదే అయిదుగురూ ఒకే టికెట్ మీద ఉండి ఇద్దరికో ముగ్గురికో కన్ఫర్మ్ అయితే టికెట్ రద్దవదు, మిగిలినవాళ్ళు కూడా ఎక్కి ఎలాగోలా సర్దుకుని కూర్చోవచ్చు. సుఖం కాదు గానీ ప్రయాణం ఆగదు. ఒక్క మాటలో, బెర్తులుంటే విడిగా, వెయిటింగ్ అయితే కలిపి.

వెయిటింగ్‌లో కూడా అన్నీ ఒకటి కాదు. జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ వెయిటింగ్ లిస్ట్) అని ఉంటే కదిలే అవకాశం ఎక్కువ. మధ్య స్టేషన్ల కోటాల్లో వచ్చే ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్ నెమ్మది, వాటికి నంబర్ చిన్నదే అయినా నమ్మకం తక్కువ. ఆర్‌ఏసీ అంటే ఒక సైడ్ లోయర్‌ని ఇద్దరికి పంచడం, భార్యాభర్తలైతే రాత్రంతా కబుర్లు చెప్పుకోవచ్చు, పసిపిల్ల ఉంటే మాత్రం నరకం.

తేదీల దగ్గర జరిగే పొరపాట్లు ఇంకో రకం. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు బుకింగ్ గడువు 120 రోజుల నుంచి 60కి తగ్గింది, ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. అంటే జనవరి 12 రైలుకి నవంబర్ 13 ఉదయం 8 గంటలకి తెరుచుకుంటుంది. రైలు మొదలయ్యే స్టేషన్ నుంచి మీ ఊరికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటితే, ఈ 60 రోజులు లెక్కపెట్టేది రైలు మొదలైన తేదీ నుంచి, కాబట్టి మీ తేదీకి బుకింగ్ ఒకరోజు ముందే తెరుచుకుని ఉంటుంది. ఇది తెలియక పండగ టికెట్లు పోగొట్టుకున్నవాళ్ళు ఊరికి పదిమంది. దీనికి అన్నలాంటి పొరపాటు, 00:20 రైలు. 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయల్దేరదాం అనుకుని 14వ తేదీకే టికెట్ తీస్తారు, స్టేషన్‌కి వచ్చేసరికి ఆ రైలు నిన్న రాత్రే వెళ్ళిపోయి ఉంటుంది. 00తో మొదలయ్యే టైము కనబడితే తీయాల్సింది 15కి.

ఒక టికెట్ మీద ఆరుగురికే వీలు. తత్కాల్లో అయితే నలుగురికే, అందుకే అయిదుగురి కుటుంబం తత్కాల్‌ని నమ్ముకుంటే రెండు ఫోన్లు, రెండు లాగిన్లు, ఇద్దరు మనుషులు ఒకేసారి కూర్చోవాల్సిందే. ఏసీకి ఉదయం 10, స్లీపర్‌కి 11, రైలు బయల్దేరే ముందు రోజు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ అనుసంధానం తప్పనిసరి చేశారు, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి మామూలు బుకింగ్ తెరిచిన మొదటి 15 నిమిషాలకీ అదే నిబంధన పెట్టి, తర్వాత ఆ వ్యవధి పెంచుతూ వచ్చారు. ఆ పని వారం ముందే చేసుకుని, ప్రయాణికుల పేర్లు, వయసులు బుకింగ్ ఖాతాలోని మాస్టర్ లిస్టులో ఎక్కించుకుని పెట్టుకోవాలి. పది గంటలకి నాన్నమ్మ వయసెంత అని ఇంట్లో అరుచుకునే టైము ఉండదు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేస్తే డబ్బులు రావు, పిల్లల జ్వరాలు పరీక్షలు అన్నీ చూసుకుని దిగాలి.

పిల్లల టికెట్ దగ్గర ఒక ఊరించే పొదుపు ఉంది. 5 నుంచి 12 లోపు పిల్లలకి బెర్తు వద్దంటే సగం ఛార్జీ, కావాలంటే పూర్తి ఛార్జీ, 2016 ఏప్రిల్ నుంచి ఇదే పద్ధతి. ఎనిమిదేళ్ల పాపకి సగం టికెట్ తీస్తే ఆమె నాన్న బెర్తులో ఇరుక్కోవాలి. నాలుగు గంటల పగటి ప్రయాణానికి సరే, రాత్రంతా ఆ ఇరుకు బెర్తు మీద ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి ఇద్దరికీ నిద్ర ఉండదు, మూడో మనిషికి కూడా ఉండదు. ఆ వయసు పిల్లలకి అప్పర్ అంటే మహా సరదా, వాళ్ళకో బెర్తు కొని పైకి ఎక్కించడమే అందరికీ సుఖం. చంటిపిల్లల కోసం లోయర్ పక్కన బిగించే చిన్న బెర్తుని 2022 మేలో లక్నో మెయిల్లో ప్రయోగంగా పెట్టి చూశారు. అన్ని రైళ్ళలోనూ అది ఉంటుందని ఆశపడి వెళ్ళకూడదు. ప్రస్తుతానికి గోడ వైపు బాబు, బయటి వైపు అమ్మ, అంతే.

ఆటో అప్‌గ్రేడ్ అన్న గడిని చూసి ఉచితంగా పై క్లాసు వస్తుందని టిక్ పెడతారు. ఒంటరి ప్రయాణికుడికి అది బాగుంటుంది. కుటుంబం రెండు పీఎన్‌ఆర్‌లలో ఉంటే ఒకటే పైకి వెళ్ళి రెండోది కిందే ఉండిపోవచ్చు, ఇంత కష్టపడి సాధించిన లోయర్ కొత్త పెట్టెలో దక్కుతుందన్న హామీ లేదు. తీసేయడమే నయం.

ఇన్నీ చేసినా ఒకటో రెండో బెర్తులు తేడా కొడతాయి. చార్ట్ ఒకప్పుడు రైలుకి 4 గంటల ముందు వేసేవారు, 2025లో దాన్ని ఇంకా ముందుకి జరిపారు, కాబట్టి ఇంట్లో ఉండగానే ఎవరెక్కడో తెలిసిపోతుంది, రైల్లో అడగాల్సింది ఏంటో అక్కడే నిర్ణయించుకోవచ్చు. మార్పిడి అడిగేటప్పుడు ఎదుటివాళ్ళకి ఏం దక్కుతుందో ముందు చెప్పాలి. మా మిడిల్ తీసుకుని మీ లోయర్ ఇవ్వండి అంటే ఎవరిస్తారు. పక్క బేలో ఉన్న మా లోయర్ మీరు తీసుకోండి, ఇక్కడి మీ లోయర్ మాకివ్వండి, అందరం ఒకచోట ఉంటాం అంటే చాలామంది కాదనరు. అందుకే చెదిరిపోయిన బెర్తుల్లో ఒక్క లోయర్ చేతిలో ఉన్నా అది బేరానికి పనికొస్తుంది, దాన్ని కుర్రాడికి వదిలేసి పడుకోబెట్టొద్దు.

సైడ్ బెర్తులు పొడవు తక్కువ, ఆరడుగుల మనిషి కాళ్ళు ముడుచుకోవాల్సిందే, కాబట్టి సైడ్ లోయర్ నాన్నమ్మకి, పొడవాటి నాన్న లోపలి అప్పర్‌కి. మిడిల్ ఎత్తుకోవడానికి రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు హక్కు ఉంది, పగలు సైడ్ లోయర్ మీద సైడ్ అప్పర్ ఆయన కూడా కూర్చోవచ్చు, దాని మీద గొడవ పెట్టుకుని లాభం లేదు. చివరగా టీసీ. రాని ప్రయాణికుల లోయర్లు ఖాళీగా ఉంటే మిడిల్, అప్పర్ వచ్చిన వృద్ధులకి, గర్భిణులకి, దివ్యాంగులకి ఇచ్చే అధికారం ఆయనకుంది. ఆయన పెట్టె మొత్తం తనిఖీ ముగించుకుని వెనక్కి వచ్చేటప్పుడు, నాన్నమ్మ వయసు కనబడే గుర్తింపు కార్డు చేతిలో పట్టుకుని అడగాలి, మొదటిసారి హడావుడిగా వెళ్తున్నప్పుడు అడిగితే ఆయన దగ్గరా జవాబు ఉండదు.